మెలనోమా స్టేజ్ 3బీ: నెట్‌లో కనిపించే శాతాల్లో నాన్నగారికి వర్తించేది ఏది?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారి వీపు మీద మచ్చ తీసి పరీక్షకు పంపితే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని తేలింది. మందం 2.3 మి.మీ., అల్సరేషన్ (పైపొర తెగి పుండు పడటం) లేదు. చంకలోంచి తీసిన రెండు సెంటినెల్ నోడ్‌లలో (మచ్చ నుంచి లింఫ్ ద్రవం మొదట చేరే గ్రంథుల్లో) ఒకదాంట్లో 0.6 మి.మీ. మేర క్యాన్సర్ కణాలు ఉన్నాయి. స్కానుల్లో ఇంకెక్కడా ఏమీ లేదు. స్టేజ్ 3బీ అన్నారు. నెట్‌లో వెతికితే ఐదేళ్లు బతికే అవకాశం ఒకచోట 35 శాతం, ఒకచోట 75, మరోచోట 83 అని ఉంది. దేన్ని నమ్మాలి, ఎంతకాలం ఉంటారు అని అడిగారు.

మూడూ తప్పుడు అంకెలు కావు. మూడూ వేర్వేరు మనుషుల గురించి చెప్పినవి. 35 శాతం అన్నది ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు లాంటి దూరపు అవయవాలకు జబ్బు పాకిపోయాక బయటపడిన వాళ్లందరినీ కలిపి అమెరికా జాతీయ రిజిస్ట్రీ లెక్కగట్టింది. నాన్నగారికి దాంతో సంబంధమే లేదు. 75 శాతం దగ్గరి లింఫ్ నోడ్‌లకు చేరిన వాళ్లందరి సగటు. అందులో చేతికి తగిలేంత పెద్ద గడ్డలున్నవాళ్లూ ఉన్నారు, మైక్రోస్కోప్‌లో తప్ప కనిపించని చిన్న నిక్షేపం, అంటే క్యాన్సర్ కణాల చిన్న గుంపు, ఉన్నవాళ్లూ ఉన్నారు. 83 శాతం ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజ్‌లకు నియమాలు పెట్టే అమెరికా సంస్థ) ఎనిమిదో ఎడిషన్ స్టేజింగ్‌లో సరిగ్గా 3బీ వాళ్లది. పదేళ్లకు అది 77 శాతం. నాన్నగారి లెక్క ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇందులోనూ ఆయన రిపోర్ట్ మంచి వైపే మొగ్గుతోంది. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ 83 దేన్ని లెక్కపెడుతుందో తెలియాలి. అది మెలనోమా వల్ల చనిపోకుండా ఉన్నవాళ్ల శాతం. మధ్యలో గుండెపోటుతోనో, ప్రమాదంలోనో పోయినవాళ్లను అందులో మరణంగా లెక్కవేయరు. ఏ కారణంతో పోయినా మరణంగానే లెక్కవేసే పద్ధతి ఇంకొకటి ఉంది, దాన్ని ఓవరాల్ సర్వైవల్ అంటారు. డెబ్బై దాటిన వాళ్లలో ఈ రెండింటికీ మధ్య తేడా బాగానే ఉంటుంది. రిజిస్ట్రీలు వాడేది మూడో పద్ధతి: అదే వయసు మామూలు జనంతో పోల్చి చెప్పే రిలేటివ్ సర్వైవల్. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక సైట్ ఎక్కువ చెప్పింది, ఒక సైట్ తక్కువ చెప్పింది అనుకోవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది. ఏ అంకె చూసినా ఇవి మూడు అడగండి: ఏ స్టేజ్, ఏ రకం మరణం, ఏ సంవత్సరాల్లో వైద్యం చేయించుకున్నవాళ్లు.

ఆ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఎనిమిదో ఎడిషన్ లెక్కలు పది పెద్ద కేంద్రాల నుంచి, 1998 తర్వాత జబ్బు బయటపడిన 46,000 మందికి పైగా రోగుల వివరాల నుంచి వచ్చాయి. వాళ్లలో స్టేజ్ 3 వాళ్లు చాలామంది ఇప్పటి ఇమ్యునోథెరపీ మందులు (క్యాన్సర్ మీదకు మన రోగనిరోధక వ్యవస్థనే ఉసిగొల్పేవి) అందుబాటులోకి రాకముందు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. జబ్బు తిరగబెడితే అప్పట్లో చేతిలో పెద్దగా మందు లేదు. కాబట్టి 83ని ఇప్పటి రోగికి పైకప్పు అనుకోనక్కర్లేదు.

ఇక రిపోర్ట్. మెలనోమాలో భవిష్యత్తును అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది మచ్చ వెడల్పు కాదు, లోతు. అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చూపించిన ఈ కొలతనే ఇప్పటికీ బ్రెస్లో మందం అంటారు. చర్మం పైపొరలోని గ్రాన్యులర్ లేయర్ పైఅంచు నుంచి, అక్కడ పుండు పడి ఉంటే పుండు అడుగు నుంచి, అన్నిటికన్నా లోతున ఉన్న క్యాన్సర్ కణం దాకా మైక్రోస్కోప్ కింద నిట్టనిలువునా కొలుస్తారు. ఈ మందాన్ని బట్టి గ్రూపులు చేస్తారు: 1 మి.మీ. వరకు టీ1, 2 వరకు టీ2, 4 వరకు టీ3, ఆపైన టీ4. టీ1లోనే 0.8 మి.మీ. దగ్గర ఇంకో గీత ఉంది. దానికన్నా తక్కువై, పుండు లేకపోతే టీ1ఏ. ఇలాంటి వాళ్లలో పదేళ్ల తర్వాత కూడా 98 శాతం మంది మెలనోమా వల్ల పోకుండా ఉంటారు. అదే 4 మి.మీ. దాటి, పుండు కూడా ఉంటే నోడ్‌లలో ఏమీ లేకపోయినా పదేళ్లకు 75 శాతం. మొదటిదానికీ రెండోదానికీ మందంలో తేడా కొద్ది మిల్లీమీటర్లే.

ఈ కొలతలో పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయో తెలుసుకుంటే రిపోర్ట్‌ను సరిగ్గా చదవొచ్చు. ఎనిమిదో ఎడిషన్ ప్రకారం మందాన్ని దశాంశం తర్వాత ఒక్క అంకెకు సవరించి రాయాలి. 1.04 అయితే 1.0 కింద లెక్క, 1.05 అయితే 1.1. అంటే ఇంత చిన్న తేడాతో టీ1, టీ2గా మారిపోతుంది. కాబట్టి గీతకు అటూ ఇటూ ఉన్నప్పుడు స్టేజ్ పేరు మారినంత మాత్రాన జబ్బు స్వభావం మారిందని బెంబేలు పడకండి. రెండోది, బయాప్సీ చేసిన పద్ధతి. బ్లేడుతో పైపైన చెక్కి తీసే షేవ్ బయాప్సీలో కోత కణితి మధ్యలోంచి పోతే అసలు లోతు ఎంతో ఎవరూ చెప్పలేరు. అప్పుడు రిపోర్ట్‌లో “కనీసం 1.4 మి.మీ.” లాంటి మాట, డీప్ మార్జిన్ పాజిటివ్ (తీసిన ముక్క అడుగు అంచున కూడా క్యాన్సర్ కణాలు ఉన్నాయని) అన్న మాట కనిపిస్తాయి. ఆ “కనీసం” అన్న పదాన్ని దాటేసి చదివితే స్టేజ్ తక్కువగా అంచనా వేసినట్టే. తర్వాత మచ్చను చుట్టూ చర్మంతో సహా కోసి తీసే వెడల్పాటి ఎక్సిషన్ రిపోర్ట్‌లో మిగిలిన కణితి మందం చూసి, రెండింటిలో ఎక్కువున్నదాన్ని తీసుకోవాలి. రెండు ముక్కల మందాలనూ కూడకూడదు. ఇంకో సంగతి, బయాప్సీ చేయడం వల్ల జబ్బు పాకిపోతుందన్న భయానికి ఆధారం లేదు. ముక్క తీసినందువల్ల ఆయుష్షు తగ్గినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు.

అల్సరేషన్ అంటే మచ్చ మీద చర్మపు పైపొర తెగిపోవడం. ఇది కంటికి కనిపించే పుండు కానక్కర్లేదు, మైక్రోస్కోప్‌లోనే తేల్చాలి. గోకడం వల్లో, మునుపటి బయాప్సీ గాయం వల్లో పోయిన పొరను అల్సరేషన్‌గా రాయకూడదు. అయినా కొన్నిసార్లు రాసేస్తారు. ఈ ఒక్క మాట వల్ల స్టేజ్ ఒక మెట్టు పైకి పోతుంది. 2.3 మి.మీ. మందానికి, నోడ్‌లు శుభ్రంగా ఉంటే, పుండు లేనప్పుడు స్టేజ్ 2ఏ, ఐదేళ్లకు 94 శాతం. పుండు ఉంటే 2బీ, 87 శాతం. నోడ్‌లో కూడా ఉన్న నాన్నగారి లాంటి కేసులో అదే పుండు ఉండి ఉంటే 3బీ కాస్తా 3సీ అయ్యేది, 83 కాస్తా 69 అయ్యేది. అందుకే “అల్సరేషన్ లేదు” అన్న ఆ మాట విలువైనది. స్లైడ్‌లను మెలనోమా ఎక్కువగా చూసే పెథాలజిస్ట్‌తో ఇంకోసారి చదివించమని నేను అందరికీ చెప్తాను. పెద్ద ఖర్చు కాదు, మళ్లీ కోయాల్సిన పనీ లేదు. అవే స్లైడ్‌లు, బ్లాకులు పంపితే చాలు.

రిపోర్ట్‌లో మైటోటిక్ రేట్ కూడా చూడండి. ఒక చదరపు మి.మీ.లో ఎన్ని కణాలు విభజన చెందుతూ కనిపించాయన్న లెక్క అది. ఎనిమిదో ఎడిషన్‌లో స్టేజ్ పేరు తేల్చడానికి దాన్ని వాడటం మానేశారు గానీ, దాని ప్రాముఖ్యం పోలేదు. ఎక్కువుంటే జబ్బు చురుగ్గా ఉన్నట్టే. మైక్రోశాటిలైట్స్ (కణితి పక్కన విడిగా ఉన్న క్యాన్సర్ కణాల చిన్న గుంపులు), లింఫోవాస్కులర్ ఇన్వేజన్ (లింఫ్ లేదా రక్తనాళాల్లోకి కణాలు చొరబడటం) అన్న మాటల ఎదురుగా “లేదు” అని ఉండటం మంచిది. మైక్రోశాటిలైట్స్ ఉంటే నోడ్‌లు శుభ్రంగా ఉన్నా స్టేజ్ 3లోకి వెళ్తుంది. క్లార్క్ లెవెల్ అన్నది చర్మంలో ఏ పొర దాకా పోయిందో చెప్పే పాత పద్ధతి, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి.

చాలామందిని భయపెట్టేది, నిజానికి భయపెట్టనక్కర్లేనిది స్టేజ్ నంబర్ల వరస. 3 అంటే 2 కన్నా ఎప్పుడూ చెడ్డదే అనుకుంటారు. మెలనోమాలో అలా కాదు. 3ఏ వాళ్లకు ఐదేళ్లకు 93 శాతం, 2సీ వాళ్లకు 82 శాతం. పల్చటి మచ్చ ఉండి నోడ్‌లో నలుసంత కణాలు దొరికిన మనిషి, నోడ్‌లు శుభ్రంగా ఉన్నా లోతైన పుండు పడ్డ కణితి ఉన్న మనిషి కన్నా మెరుగ్గా ఉంటాడన్నమాట. స్టేజ్ పేరును గ్రూపు పేరుగా చూడండి, ప్రమాదపు మెట్లుగా కాదు. 3డీ మాత్రం నిజంగానే బరువైనది, ఐదేళ్లకు 32 శాతం. 4 మి.మీ. పైన మందం, పుండు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ నోడ్‌లు లాంటివి అన్నీ కలిస్తేనే అందులో పడతారు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. స్టేజ్ 2 అంకెలు లెక్కగట్టేటప్పుడు 1 మి.మీ. దాటిన వాళ్లలో సెంటినెల్ నోడ్ పరీక్ష చేసి, ఏమీ లేదని తేలినవాళ్లనే తీసుకున్నారు. ఆ పరీక్ష చేయించుకోకుండా “నోడ్‌లు చేతికి తగలడం లేదు, కాబట్టి స్టేజ్ 2ఏ, 94 శాతం” అనుకుంటే ఆ అంకె మీది కాదు. చేతికి తగలని నోడ్‌లలో కూడా కణాలు ఉండొచ్చు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. నాన్నగారికి పరీక్ష జరిగింది కాబట్టి ఆయన అంకె గట్టిదే.

సెంటినెల్ నోడ్ పరీక్షలో మచ్చ ఉన్నచోట రేడియో ఐసోటోప్, నీలిరంగు ఎక్కించి, అక్కడి లింఫ్ మొదట చేరే నోడ్‌ను వెతికి తీస్తారు. వెడల్పాటి ఎక్సిషన్ ముందే చేసేస్తే లింఫ్ దారులు చెదిరిపోయి, అసలు నోడ్ దొరక్కపోవచ్చు. అందుకే రెండూ ఒకే ఆపరేషన్‌లో చేయాలి. పరీక్షలో అడ్డంగా చూసినప్పుడు అన్నిటికన్నా పెద్ద నిక్షేపం ఎంత అన్నది చూడాలి. 1 మి.మీ. కన్నా తక్కువుంటే ప్రమాదం తక్కువ. నాన్నగారిది 0.6. ఒకే నోడ్, అదీ ముందుగా చేతికీ స్కానుకూ తగలనిది. 3బీలో మంచి వైపు అన్నది ఇందుకే. ఇదే 3బీలో, స్కానులోనో చేతికో ముందే కనిపించిన నోడ్ ఉన్నవాళ్లూ, చర్మం కింద దారిలో చిన్న గడ్డలు కట్టిన ఇన్‌ట్రాన్సిట్ జబ్బు ఉన్నవాళ్లూ ఉంటారు. 83 అన్నది వీళ్లందరినీ కలిపిన సగటు.

మిగతా చంక నోడ్‌లన్నీ తీసేయాలా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఒకప్పుడు తీసేసేవాళ్లు. ఎంఎస్ఎల్‌టీ-2 అనే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాక ఆ పద్ధతి మారింది. అన్నీ తీసేసినవాళ్లలోనూ, తీయకుండా అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉన్నవాళ్లలోనూ మూడేళ్లకు మెలనోమాతో పోకుండా ఉన్నవాళ్లు 86 శాతమే. చేయి లేదా కాలు వాచిపోవడం మాత్రం తీసేసినవాళ్లలో 24 శాతం, మిగతావాళ్లలో 6 శాతం. ఆయుష్షు పెరగదు, చేయి వాపు మాత్రం మిగులుతుంది. తీయనప్పుడు ఆ చంకను అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఉండాలి. ఆ ట్రయల్‌లో మొదటి రెండేళ్లు నాలుగు నెలలకోసారి, తర్వాత మూడేళ్లు ఆరు నెలలకోసారి చూశారు. నోడ్‌లు తీయకపోవడం ఎంత మంచి నిర్ణయమో, ఈ స్కానులు ఎగ్గొట్టడం అంత ప్రమాదం. ఆ నిర్ణయం నిలబడేదే వీటి మీద.

మచ్చ చుట్టూ ఎంత చర్మం తీయాలన్నది కూడా మందాన్ని బట్టే: 1 మి.మీ. వరకు 1 సెం.మీ., 1 నుంచి 2 మధ్య 1 నుంచి 2 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. అంతకన్నా ఎక్కువ కోసినందువల్ల ఆయుష్షు పెరగదని 2, 4 సెం.మీ.లను పోల్చిన ట్రయల్ తేల్చింది.

ఇప్పుడు మీరు నిర్ణయించుకోవాల్సినది ఆపరేషన్ తర్వాతి మందు, అంటే అడ్జువెంట్ వైద్యం. దీని గురించి శాతాలు వినేటప్పుడు లెక్క విడదీసి చూడండి. కీనోట్-054 ట్రయల్‌లో స్టేజ్ 3 రోగులకు ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 55 శాతం, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్నవాళ్లలో 38. నూరు మందికి ఇచ్చామనుకోండి. సుమారు 38 మందికి మందు లేకపోయినా జబ్బు వచ్చేది కాదు. 45 మందికి మందు ఇచ్చినా వచ్చింది. మధ్యలో ఉన్న 17 మందికి మందు పనిచేసింది. ఈ మూడు గుంపుల్లో మనం ఎందులో ఉన్నామో ముందుగా ఎవరూ చెప్పలేరు. తీవ్రమైన దుష్ఫలితాలు నూటికి 15 మందికి వచ్చాయి. చాలావరకు స్టీరాయిడ్‌లతో తగ్గుతాయి. థైరాయిడ్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే మాత్రం జీవితాంతం మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు. గుండె కండరం వాపు అరుదు, కానీ ప్రాణాంతకం.

కణితిలో బ్రాఫ్ వీ600 మ్యుటేషన్ (బ్రాఫ్ అనే జన్యువులో మార్పు) ఉంటే ఇంకో దారి ఉంది, డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలు ఏడాదిపాటు. ఐదేళ్లకు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 52 శాతం, ప్లాసిబోలో 36. జ్వరాలు ఎక్కువగా వస్తాయి, మాత్రలు కొన్నాళ్లు ఆపితే తగ్గుతాయి. అయితే తిరగబెట్టడం తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ఈ మాత్రల ట్రయల్ పదేళ్ల ఫలితాల్లో మరణాల తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. కీనోట్-054లో కూడా ప్లాసిబో వాళ్లకు జబ్బు తిరగబెట్టాక అదే మందు తీసుకునే వీలుంది. కాబట్టి “ఇప్పుడే తీసుకోకపోతే అంతే” అన్నంత పరిస్థితి కాదు. నా అభిప్రాయం అడిగితే: 3సీ, 3డీ వాళ్లు వీలైతే తప్పక తీసుకోవాలి. 3ఏలో, నిక్షేపం 1 మి.మీ. లోపు ఉన్నవాళ్లు తీసుకోకుండా కనిపెట్టుకుని ఉండటం సబబే. నాన్నగారిది మధ్యస్థం. మందం 2.3 కాబట్టి తీసుకోవడం వైపే మొగ్గుతాను. కానీ ఆయనకు ముందునుంచీ కీళ్లవాతం, పెద్దపేగు వాపు లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నా, వయసు బాగా మీరినా ఆలోచించి అడుగు వేయాలి.

చేతికి తగిలే నోడ్‌తో వచ్చినవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ముందు ఆపరేషన్ కాదు, ముందు ఇమ్యునోథెరపీ. కణితి ఒంట్లో ఉండగానే మందు ఇస్తే రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టడం బాగా నేర్చుకుంటాయి. 2024లో వచ్చిన నాడినా ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు రెండు విడతలు ఇచ్చినవాళ్లలో ఏడాదికి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు దాదాపు 84 శాతం, ముందు ఆపరేషన్ చేసి తర్వాత మందిచ్చినవాళ్లలో 57 శాతం. గడ్డ కనిపించగానే కోసేయమని తొందరపెట్టకుండా, ముందు మెడికల్ ఆంకాలజిస్ట్‌ను కలవాలి. నాన్నగారికి ఇది వర్తించదు. ఆయన నోడ్ ఇప్పటికే తీసేశారు, అది పెద్దదీ కాదు.

దూరపు అవయవాలకు పాకితే ఏమిటన్న భయం మనసులో ఉంటుంది కాబట్టి అదీ చెప్తాను. 2011కి ముందు స్టేజ్ 4 మెలనోమా అంటే సగం మంది ఏడాది లోపే పోయేవాళ్లు. ఆ ఏడాదే ఇపిలిముమాబ్ వచ్చింది, తర్వాత నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వచ్చాయి. రోగనిరోధక వ్యవస్థకు ఉన్న బ్రేకులను విప్పే ఈ పద్ధతికి మూలమైన పరిశోధనకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. చెక్‌మేట్-067 ట్రయల్ పదేళ్ల ఫలితాలు 2024లో వచ్చాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకున్న స్టేజ్ 4 రోగుల్లో పదేళ్లకు 43 శాతం మంది బతికి ఉన్నారు. నివోలుమాబ్ ఒక్కటే అయితే 37, ఇపిలిముమాబ్ ఒక్కటే అయితే 19. ఆ 43 వెనకే ఇంకో నిజం ఉంది: కలిపి తీసుకున్నవాళ్లలో సగానికి పైగా మందికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. దుష్ఫలితాల వల్ల మధ్యలోనే మందు ఆపేసినా ఫలితం నిలవొచ్చు. ఆపేశాం కాబట్టి పోయిందని అనుకోకండి.

స్టేజ్ 4లో ఎవరు మెరుగ్గా ఉంటారన్నది మూడింటిని బట్టి తేలుతుంది: ఎక్కడికి పాకింది, ఎన్ని అవయవాల్లో ఉంది, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఎంత. చర్మానికి, దూరపు నోడ్‌లకు మాత్రమే అయితే మేలు, తర్వాత ఊపిరితిత్తులు, ఆ తర్వాత మిగతా అవయవాలు, చివర మెదడు. బ్రాఫ్ మాత్రలు తీసుకున్న రోగులందరిలో ఐదేళ్లకు 34 శాతం బతికి ఉంటే, ఎల్‌డీహెచ్ మామూలుగా ఉండి మూడు కన్నా తక్కువ చోట్ల జబ్బు ఉన్నవాళ్లలో 55 శాతం. ఎల్‌డీహెచ్ విషయంలో ఒక జాగ్రత్త. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలిపోతే అది ఊరికే ఎక్కువగా వస్తుంది. ఒక్కసారి ఎక్కువ వస్తే మళ్లీ చేయించాలి. తొలి స్టేజ్‌లలో దానికి పెద్ద అర్థం లేదు. మెదడు విషయంలోనూ పాత భయం సగం తగ్గింది. మెదడులో మచ్చలున్నా లక్షణాలు లేనివాళ్లకు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇస్తే మూడేళ్లకు 72 శాతం బతికి ఉన్నారు. లక్షణాలు మొదలై స్టీరాయిడ్‌లు పడ్డాక అంత ఫలితం లేదు. బ్రాఫ్ మ్యుటేషన్ ఉన్నా మొదట ఇమ్యునోథెరపీయే మేలని డ్రీమ్‌సెక్ ట్రయల్ చూపించింది. దాంతో మొదలుపెట్టినవాళ్లలో రెండేళ్లకు 72 శాతం బతికి ఉన్నారు, మాత్రలతో మొదలుపెట్టినవాళ్లలో 52. జబ్బు శరవేగంగా ముదిరిపోతుంటే మాత్రం మాత్రలే ముందు, అవి రోజుల్లోనే పనిచేస్తాయి.

ఇంతవరకు చెప్పిన అంకెలు చర్మపు మెలనోమావి. కంటి లోపల వచ్చేది, నోరు, ముక్కు, మలద్వారం లోపలి పొరల్లో వచ్చేది వేరే జబ్బులన్నట్టే చూడాలి, ఈ శాతాలు వాటికి వాడకూడదు. అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చే ఎక్రల్ రకం కూడా కొంత తేడానే. ఎండతో దానికి సంబంధం లేదు, మన లాంటి ముదురు రంగు చర్మం వాళ్లలో వచ్చే మెలనోమాల్లో దీని వాటా ఎక్కువ. ఆనెకాయ అనో, గోరు నలిగిందనో, మానని పుండనో నెలల తరబడి వదిలేయడంతో లోతు పెరిగాక బయటపడుతుంది. ఫలితాలు తక్కువగా ఉండటానికి ఆ ఆలస్యం ఒక కారణం, ఇమ్యునోథెరపీకి అంతగా లొంగకపోవడం రెండో కారణం. బ్రాఫ్ మ్యుటేషన్ కూడా ఇందులో తక్కువ మందికే ఉంటుంది. అలాంటివాళ్లు కిట్ అనే ఇంకో జన్యువులో మార్పు ఉందేమో కూడా పరీక్ష చేయించాలి.

ఇక కాలం. ఇవాళ విన్న 83 శాతం రెండేళ్ల తర్వాత నాన్నగారి అంకె కాదు. మందమైన మెలనోమాలు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. ఆ గండం గడిచిన వాళ్లకు ముందున్న అవకాశం మొదటి రోజు చెప్పినదాని కన్నా మెరుగ్గా ఉంటుంది. చెక్‌మేట్-067లో స్టేజ్ 4 వాళ్లలో కూడా, రెండు మందులూ కలిపి తీసుకుని మూడేళ్లదాకా జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లను తీసుకుంటే, పదేళ్లకు 96 శాతం మెలనోమాతో పోకుండా ఉన్నారు. పల్చటి మెలనోమాలు తక్కువసార్లు తిరగబెడతాయి గానీ, తిరగబెడితే ఆలస్యంగా, పదేళ్లు దాటాక కూడా రావొచ్చు. అందుకే పరీక్షలు ఐదేళ్లకు పూర్తిగా ఆపేయరు. మామూలుగా మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత మూడేళ్లు మూడు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి డాక్టర్ ఒళ్లంతా చూడాలి. సీటీ లేదా పెట్ స్కానులు, మెదడు ఎంఆర్ఐ ఎంత తరచుగా అన్నది మీ ఆంకాలజిస్ట్ స్టేజ్‌ను బట్టి చెప్తారు.

డాక్టర్ చూపులకు మధ్యలో ఇంట్లో చూసే పని మీది. తిరగబెట్టిన జబ్బును చాలాసార్లు మొదట పట్టుకునేది రోగో, ఇంట్లోవాళ్లో. వీపు ఆయనకు కనిపించదు కాబట్టి నెలకోసారి వెలుతురులో మీరే చూడండి. కోత మచ్చ మీద, దాని చుట్టూ, అక్కడి నుంచి చంకదాకా వేళ్లు మెల్లగా జరుపుతూ తడమండి. చర్మం కింద గింజలా గట్టిగా, నీలంగానో నల్లగానో, కొన్నిసార్లు మామూలు రంగులోనే తగిలే బుడిపె ముఖ్యం. వీపు నుంచి లింఫ్ రెండు చంకలకూ, గజ్జలకూ, మెడకూ పోవచ్చు కాబట్టి అన్నిచోట్లా బిళ్ళ కట్టిందేమో చూడండి. నొప్పి లేని గట్టి బిళ్ళ రెండు మూడు వారాలు తగ్గకుండా ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. కొత్త మచ్చలు వచ్చాయేమో కూడా చూడాలి. ఒకసారి మెలనోమా వచ్చినవాళ్లకు వేరేచోట రెండోది పుట్టే అవకాశం మామూలు జనం కన్నా చాలా ఎక్కువ. తగ్గని తలనొప్పి, మొదటిసారి వచ్చిన మూర్ఛ, మాట తడబడటం, వారాల తరబడి దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం ఇవి వెంటనే చెప్పాల్సినవి. ఇమ్యునోథెరపీ మొదలుపెడితే విరేచనాలు, ఆయాసం, ఛాతీనొప్పి, విపరీతమైన నీరసం కూడా ఆ జాబితాలో చేర్చండి. మందు ఆపేసిన కొన్ని నెలలకు కూడా ఇవి రావొచ్చు. ఇంట్లో ఉన్న విరేచనాల మాత్ర వేసి ఊరుకోవద్దు.

వచ్చే అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు అసలు పెథాలజీ రిపోర్ట్ కాపీ, స్లైడ్‌లు ఎక్కడున్నాయో ఆ వివరం పట్టుకెళ్లండి. మైటోటిక్ రేట్ ఎంత, మైక్రోశాటిలైట్స్ ఉన్నాయా, బ్రాఫ్ పరీక్ష చేశారా లేదా, నోడ్‌లోని నిక్షేపం 0.6 అన్నది అన్నిటికన్నా పెద్దదాని కొలతేనా అని అడగండి. మందు ఇస్తామంటే, నాన్నగారి వయసులో, ఆయనకున్న మిగతా జబ్బులతో, నూటికి ఎంతమందికి అదనంగా మేలు జరుగుతుందో, ఎంతమందికి శాశ్వతమైన నష్టం జరుగుతుందో రెండూ చెప్పమనండి. ఆపరేషన్ తర్వాత మందు మొదలుపెట్టడానికి మామూలుగా మూడు నెలల లోపు గడువు ఉంటుంది. గాయం మానేదాకా, స్లైడ్‌లు ఇంకోసారి చదివించి రిపోర్ట్ వచ్చేదాకా ఆగడానికి ఆ సమయం సరిపోతుంది.